పాతదనం పూసిన పెట్టె

సెల్లార్లో ఆ పెట్టె వెనక చెక్క ఊడదీసిన రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను. లోపల ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాటిలో కొన్ని అక్కడే చచ్చి ఎండిపోయి ఉన్నాయి. వైర్ల మీద బొద్దింక గుడ్లు. పిక్చర్ ట్యూబు మెడ చుట్టూ చిరిగిన గుడ్డపీలికలు, ఎవరిదో సాక్సు, మా అమ్మ పాత జాకెట్టు ముక్క. ఎలుక ఉచ్చ వాసన ముక్కులోంచి గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది. పాత వస్తువుల్లో ఏదో తియ్యదనం ఉంటుందని ఎవరైనా అంటే, ఆ పెట్టెలో తల పెట్టి ఒక్కసారి ఊపిరి పీల్చమంటాను.

అది రూపాయి బిళ్ళ వేస్తే ఆడే వీడియోగేమ్ పెట్టె. బీరువా ఎత్తు ఉంటుంది. పైన తెర, నడుం దగ్గర ఏటవాలుగా ఒక చెక్క, దాని మీద ఎర్ర హ్యాండిలూ రెండు బటన్లూ. ఆట ఒక్కటే. కింద నుంచి చిన్న విమానం బయల్దేరుతుంది, పైనుంచి శత్రువుల విమానాలు గుంపులుగా దిగుతాయి, తప్పించుకుంటూ కాలుస్తూ పోవాలి. మా నాన్న సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. ఏదో సినిమాలో హీరో వీడియోగేమ్ ఆడే సీను కోసం మద్రాసు నుంచి దాన్ని తెప్పించారు. షూటింగ్ అయ్యాక కంపెనీ గోడౌన్లో చోటు లేదన్నారని, వ్యానులో వేయించుకుని వెంగళరావు నగర్లో మేం అద్దెకున్న ఇంటికి తెచ్చేశారు. ఇంటి ముందుగదికి షట్టరుండేది. అందులో అమ్మ ఫ్యాన్సీ షాపు నడిపేది. గాజులు, రిబ్బన్లు, నోటు పుస్తకాల పక్కన ఈ పెట్టె కూడా చేరింది.

ఇప్పుడు ఆ రోజుల్ని తలుచుకుని కళ్ళు తుడుచుకునేవాళ్ళు చాలామంది తయారయ్యారు. వాళ్ళెవరూ ఆ బటన్లు తుడవలేదు. తుడిచింది నేను. కాలనీ పిల్లలందరి చీమిడి, మిక్చరు నూనె, మామిడికాయ ముక్కల ఉప్పూ కారం ఆ బటన్ల చుట్టూ పేరుకుని నల్లటి మడ్డి అయ్యేది. చెక్క కింద చెయ్యి పెడితే ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్ వేలికి మెత్తగా తగిలేది. బడి నుంచి రాగానే నాకు అదే పని. తడిగుడ్డ పట్టుకుని నిలబడి, మా అమ్మకి గాజులు చాలవా, ఈ దరిద్రం ఎందుకు అనుకునేదాన్ని.

ఎందుకో ఒక మధ్యాహ్నం తెలిసింది. బడికి సెలవిచ్చేస్తే ముందుగానే ఇంటికొచ్చాను. షట్టరు సగానికి దించి ఉంది. వంగి లోపలికి చూస్తే అమ్మ కొంగు నడుముకి దోపుకుని, పెట్టె ముందు నిలబడి ఆడుతోంది. తెర వెలుగు మొహం మీద పడుతోంది. పిలిచాను, పలకలేదు. మళ్ళీ పిలిచాను. నాన్న పిలిస్తే వంటింట్లోంచి తడిచేత్తో పరిగెత్తుకొచ్చే మనిషి, అత్తగారు దగ్గితే మంచినీళ్ళు పట్టుకెళ్ళే మనిషి, ఆ కాసేపు ఎవరికీ పలికేది కాదు. పిల్లలు బడిలో ఉండే వేళ రోజూ ఆడేదని తర్వాత గ్రహించాను. ఎంత బాగా ఆడేదంటే, కాలనీలో మొనగాళ్ళమనుకునే కుర్రాళ్ళు ఆంటీతో పందెం కాయడానికి జంకేవాళ్ళు. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ కలిపి ఆమెకి సొంతంగా ఉన్నది అదొక్కటే అనుకుంటాను.

తర్వాత వీడియోగేమ్ పార్లర్ల రోజులు పోయాయి, షాపు మూసేశాం, నాన్న పోయారు. ఇల్లు మారిన ప్రతిసారీ అమ్మ ఆ పెట్టెని వెంట తెచ్చుకుంది. చివరికి ఫిల్మ్‌నగర్లో నా ఫ్లాటుకొచ్చాక సెల్లార్లో, నా పార్కింగ్ జాగాలో, టార్పాలిన్ కప్పుకుని అది ఏళ్ళ తరబడి నిలబడి ఉంది. నా కారు వీధిలో నిలబడి ఉంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు సెల్లారుకి రంగులేయిస్తాం, పాత సామాన్లు తీసెయ్యండి అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పైకెళ్ళి అమ్మతో చెప్పాను. అమ్మకి రెండు మోకాళ్ళకీ ఆపరేషనైంది. సీరియళ్ళు చూడదు, చూస్తున్నట్టు కూర్చుంటుంది. ఆ రోజు టీవీ మీంచి చూపు తిప్పి నన్ను చూసింది.

“పారేస్తే పారెయ్యవే, నేనేం అడ్డుపడను. కానీ ఒక్కసారి ఆడాక పారెయ్యి. చేతులు ఇంకా బాగానే ఉన్నాయి నాకు.”

ఆమె నన్ను ఏదీ అడగదు. మందులు అయిపోతే కూడా ఖాళీ అట్ట బల్ల మీద పెట్టి ఊరుకుంటుంది, నేనే చూసుకోవాలి. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగింది కాబట్టి మెకానిక్‌ని పిలిచాను, ఆ వెనక చెక్క ఊడదీయించాను, ఆ వాసన పీల్చాను.

మెకానిక్‌ది ఎర్రగడ్డ. గుట్కా నములుతూ వచ్చాడు. సెల్లార్ స్తంభం మొదట్లో ఉమ్మి, ఆ చేత్తోనే మూతి తుడుచుకుని, ఆ చేత్తోనే అమ్మ పెట్టె మీద తట్టాడు. నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. అయినా మాట మాత్రం సూటిగా చెప్పాడు. ట్యూబు పోయింది, బోర్డు మీద ఎలుకలు ఉచ్చ పోసి తుప్పు పట్టించాయి. అసలు సామానుతో బాగు చేయాలంటే దొరికినప్పుడు చేయాలి, దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. రెండో దారి, లోపల మొత్తం తీసేసి కొత్త తెరా చిన్న బోర్డూ పెట్టడం.

“గిదే ఆట గా బోర్డుల ఉంటదమ్మా. హ్యాండిల్ గిదే, బటన్లు గివే. లోపల మాత్రం అంత కొత్తది. పెద్దమ్మ మంచిగ ఆడుకుంటది, జర ఫికర్ చెయ్యకు.”

నాకు అభ్యంతరమేమీ కనిపించలేదు. నేను డబ్బింగ్ చెప్పుకుని బతికేదాన్ని. బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్ పెదాలు ఆడిస్తుంది, ఫిల్మ్‌నగర్లో ఒక చీకటి గదిలో నిలబడి ఆమె ఏడుపు నేను ఏడుస్తాను. శరీరం ఒకరిది, గొంతు ఒకరిది, హాల్లో జనం మాత్రం నిజంగానే ఏడుస్తారు. పెట్టె పాతదై లోపల సరుకు కొత్తదైతే అమ్మ విమానం ఎగరదా? సరే కానిమ్మందామనుకున్నాను. ఈలోగా మా తమ్ముడు వచ్చాడు.

తమ్ముడు ఆర్ట్ డైరెక్టర్. జూబ్లీహిల్స్‌లో ఉంటాడు. వాడి ఇంట్లో కుట్టుమిషను కాళ్ళ మీద గాజు పలక వేసి కాఫీ తాగుతారు. గోడకి ఎడ్లబండి చక్రం, స్నానాలగదిలో ఇత్తడి గుండిగ, అందులో ప్లాస్టిక్ తామరపూలు. అదంతా వింటేజ్ అట. ఆ వీధిలో ఇళ్ళకీ హోటళ్ళకీ ఈ జబ్బు పట్టుకుంది. వాళ్ళ అమ్మమ్మలు కిరసనాయిలు పొగకి దగ్గి దగ్గి పోయిన స్టవ్వులు తెచ్చి, అద్దాల బీరువాలో లైటు వేసి పెడతారు. చూస్తే నాకు వెగటు పుడుతుంది.

కొత్త తెర అనగానే తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. డైనింగ్ టేబుల్ దగ్గర అమ్మ వేసిన పెసరట్టు తింటూ నాకు పెద్ద క్లాసు తీసుకున్నాడు. లోపల మార్చేస్తే ఇక అది అమ్మ పెట్టే కాదట, ఒట్టి డబ్బా అట. పాతదాన్ని పాతదిగానే నిలబెట్టడం ఒక విద్య అట, తన చేతికిస్తే అచ్చం వెంగళరావు నగర్ షాపులో ఉన్నట్టే చేయిస్తాడట. గుట్కా వాడి చేతిలో పెడతావా అని చీదరించుకున్నాడు. ఆ ఒక్క విషయంలో వాడితో నాకూ పేచీ లేదు. కానీ అమ్మ ఆడుకోవాలి, అది చూడు ముందు అన్నాను. చూస్తాను కదక్కా అన్నాడు.

అమ్మని అడిగాం. ఆమెకి ఎలా అయినా పర్లేదు, ఆడితే చాలు. ఆ మాటే చెప్పింది. తర్వాత తమ్ముడి కంచంలో ఇంకో అట్టు వేసి, “వాడి పనే అది కదే, వాడికి తెలుస్తుందిలే” అంది. మా ఇంట్లో తీర్పులన్నీ ఇలా అట్టు వేసే చేతి మీదుగానే వస్తాయి. మర్నాడు టెంపో వచ్చి పెట్టెని వాడి సెట్ల షెడ్డుకి తీసుకెళ్ళింది.

నాకు మనసాగక, డబ్బింగ్ మధ్యలో ఖాళీ దొరికిన ఒక రోజు వాడి షెడ్డుకి వెళ్ళాను. పెట్టెని పడుకోబెట్టి ఉంచారు. హ్యాండిల్ చెక్కకి ఎడమవైపున అమ్మ అరచెయ్యి ఆనించి ఆనించి రంగు పోయి, నున్నబడి, కోలగా ఒక చోటుండేది. ఇన్నేళ్ళ చీమిడిలోనూ మడ్డిలోనూ నేను అసహ్యించుకోకుండా తుడిచిన చోటు అదొక్కటే. దాన్ని మిషను పెట్టి గీకేశారు. కొత్త షీటు అంటించారు, కొత్త రంగు వేశారు. పెళ్ళిలో పెట్టే బీరువాలా తళతళలాడుతోంది. ఇదేమిట్రా అంటే, ఆగక్కా, ఇంకా ఏజింగ్ అవలేదుగా అన్నాడు.

ఏజింగ్ అంటే సెట్ వాళ్ళ పని. నిన్న కట్టిన గోడని నూరేళ్ళ గోడలా కనిపించేట్టు చేస్తారు. టీ డికాషను చల్లుతారు, గోధుమరంగు పొడి అద్దుతారు, బ్రష్షుతో నాచు పూస్తారు, గొలుసుతో కొట్టి చొట్టలు పెడతారు. నా కళ్ళముందే ఒక పెయింటరు కొత్త చెక్క మీద అరుగుదల బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. అదీ కుడివైపున. కుడివైపే ఎందుకని అడిగాను. ఫొటో తీస్తే లైటు అటు పడుతుందని తమ్ముడు చెప్పాడు. నిజంగా అరిగినదాన్ని గీకి పారేసి, అరిగినట్టు రంగు వేయిస్తున్నారు, అదీ మా అమ్మ చెయ్యి ఎప్పుడూ ఆననిచోట. బబుల్‌గమ్ కూడా చేయించాడు వాడు, మైనంతో, గులాబీ రంగులో. దాన్ని వేలితో తాకి, వెంటనే వేలు కొంగుకి తుడుచుకున్నాను. అసలు బబుల్‌గమ్ తగిలినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు.

లోపలి సంగతేమిటని అడిగితే, అది వేరే టీమ్ చూస్తోందన్నాడు. సరే అనుకున్నాను.

అమ్మ మాత్రం ఆ రోజుల్లో మళ్ళీ మనిషైంది. కుడిచేతి గోళ్ళు కత్తిరించుకుంది. టీవీ చూస్తూ రిమోటు బటన్ల మీద బొటనవేలు టకటకలాడించేది, చానెళ్ళు గిర్రున తిరిగిపోయేవి. పూజగదిలో డబ్బాలో దాచిన పాత రూపాయి బిళ్ళల్ని తీసి చింతపండుతో తోమింది. ఎక్కువసేపు నిలబడితే మోకాలు పట్టేస్తుందేమోనని వంటింటి గట్టు పట్టుకుని, రోజురోజుకీ సేపు పెంచుకుంటూ నిలబడడం సాధన చేసింది. ఆపరేషనయ్యాక ఫిజియోథెరపీ అమ్మాయి ఎంత బతిమాలినా చేయని పని అది.

పెట్టె నా ఫ్లాటుకి రాలేదు. తమ్ముడి ఇంట్లో హోమ్ థియేటర్ ఉంది, దాని మూలన తూర్పుకు తిరిగి నిలబెట్టాడు. వాస్తు ప్రకారం అదే సరైన జాగా అట. అమ్మ ఎప్పుడు కావాలంటే అప్పుడు డ్రైవర్ని పంపుతాడట. ప్రారంభానికి ముహూర్తం పెట్టించాడు. మరదలు అమ్మకి పట్టుచీర పంపింది, కెమెరాలో బావుంటుందని. బిరుసు కొంగు, నడుముకి దోపితే నిలవదు. అమ్మ కారులో అంతదూరమూ దాన్ని ఎలా దోపాలా అని మడతలు పెట్టి చూసుకుంటూనే ఉంది. దూరమెంత, ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా, కానీ ట్రాఫిక్కులో చాలా మడతలు పెట్టింది.

అక్కడికెళ్ళి చూస్తే తెలిసిన మొహాలూ తెలియని మొహాలూ నిండి ఉన్నాయి. ఒక డైరెక్టరు, ఇద్దరు ముగ్గురు నిర్మాతలు, వాళ్ళ భార్యలు, చేతుల్లో ఆకుపచ్చ నీళ్ళ గ్లాసులు. పెట్టె మీద ఎర్ర శాటిన్ గుడ్డ. గుడ్డ లాగారు, అందరూ ఆహా అన్నారు. అద్భుతంగా ఉంది, కాదనను. మురికి కూడా అందంగా ఉంది. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు, తెరకి కుంకుమ బొట్టు పెట్టారు. అప్పుడు ఎవరో క్లాప్ బోర్డు పట్టుకొచ్చారు. ముహూర్తం షాట్ అమ్మ మీదట. డైరెక్టరుగారు యాక్షన్ అంటారట. నవ్వులు, చప్పట్లు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

అమ్మ పెట్టె ముందు నిలబడింది. కొంగు దోపింది, అది జారింది, మళ్ళీ దోపింది. పర్సులోంచి రూపాయి తీసి కన్నం దగ్గర పెట్టింది. కన్నం లేదు. కన్నంలా గీసిన నల్లటి గీత ఉంది. బిళ్ళ అక్కర్లేదమ్మా, ఆటోమేటిక్ అన్నాడు తమ్ముడు. యాక్షన్ అన్నారు. తెర వెలిగింది. విమానం బయల్దేరింది. పాత సంగీతం, ఆ పీపీ శబ్దం, నాకే ఒక్కక్షణం వెంగళరావు నగర్ షాపులో ఉన్నట్టనిపించింది. అమ్మ హ్యాండిల్ ఎడమకి లాగింది. విమానం కుడికి పోయింది. బటన్ నొక్కింది. విమానం కాల్చలేదు. నొక్కడం ఆపింది. అప్పుడు కాల్చింది.

సెట్లో టీవీ నిజంగా నడవదు. ముందే తీసిపెట్టిన బొమ్మని దానిలో తిప్పుతారు. సెట్లో కుళాయి తిప్పితే నీళ్ళు రావు, మెట్లెక్కితే మేడ ఉండదు. కెమెరాకి కనిపించినంత మేరకే అన్నీ ఉంటాయి. మా తమ్ముడికి ఇన్నేళ్ళలో చేతికి పట్టుబడిన పద్ధతి అది. ఎవరో ఆడుతుండగా తీసిన వీడియో ఒకటి తెచ్చి, కొత్త తెరలో పెట్టి, మళ్ళీ మళ్ళీ తిరిగేట్టు చేశాడు. హ్యాండిలుకీ బటన్లకీ దేంతోనూ సంబంధం లేదు.

అమ్మకి అర్థమైంది. తల తిప్పి నా వైపు చూసింది. నేను నోరు తెరవబోయాను. ఆమె చుట్టూ ఎత్తిపట్టిన ఫోన్లని చూసింది, ఫోను వెనక తమ్ముడి మొహం చూసింది, మళ్ళీ తెరవైపు తిరిగింది. విమానం ఎటు పోతే హ్యాండిల్ అటు తిప్పడం మొదలుపెట్టింది. అది కాల్చినప్పుడల్లా బటన్ నొక్కింది. అమ్మ విమానాన్ని నడపడం లేదు, విమానమే అమ్మని నడుపుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ వయసులో చూడండి ఎంత చలాకీయో అంది ఒకావిడ. తమ్ముడు కళ్ళు తుడుచుకుని, “అమ్మా, ఇంకొక్కటి చేద్దాం, ఈసారి కొంచెం నవ్వుతూ” అన్నాడు. అమ్మ నవ్వుతూ ఇంకోసారి చేసింది.

పాతికేళ్ళుగా ఈ పరిశ్రమలో ఎన్నో చూశాను. చచ్చినట్టు పడుకున్నవాళ్ళ మీద పడి ఏడ్చేవాళ్ళకి ఏడుపు అమ్మాను. ఏదీ నాకు ఇంత రోత పుట్టించలేదు. చేతికిచ్చిన ప్లేటుని పనీర్ ముక్కతో సహా అక్కడే వదిలేసి తమ్ముణ్ణి వంటింటి వెనక్కి లాక్కెళ్ళాను. లోపలి సామానేం చేశావని అడిగాను. అదంతా కుళ్ళిపోయింది కదక్కా, స్క్రాపుకి పోయింది, బయటికి అచ్చం అదే కదా అన్నాడు. మరి ఆడడానికి లేదు కదరా అన్నాను.

“ఎవరాడతారక్కా ఇప్పుడు?”

అమ్మ, అన్నాను.

వాడు నన్ను జాలిగా చూశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. “ఆడింది కదక్కా ఇప్పుడే. చూడలేదా? ఎంత హ్యాపీగా ఉందో.” వాడు నటించడం లేదు. అంతకంటే వాడికి నిజంగానే తెలియదు. నా భుజం మీంచి ఆ చెయ్యి తీసేసి వచ్చేశాను.

జనం భోజనాలకి పైకి వెళ్ళారు. హోమ్ థియేటర్లో అమ్మ ఒక్కతే ఉంది. పెద్ద సోఫాలో, పట్టుచీర కొంగు ఒళ్ళో వేసుకుని, పెట్టెకి ఎదురుగా కూర్చుంది. తెర మీద ఆట అయిపోయింది, మళ్ళీ మొదలైంది. నేను పక్కన కూర్చున్నాను. పద అమ్మా, ఇంటికెళ్ళిపోదాం అన్నాను. ఆమె లేవలేదు. ఏడుస్తోందేమోనని మొహంలోకి చూశాను. ఏడవడం లేదు. కంపుకొట్టే గిన్నె ఎదురుగా పెట్టినట్టు మూతి బిగించి తెరనే చూస్తోంది. ఒళ్ళో కుడిచేతి బొటనవేలు మాత్రం కదులుతోంది.

“ఎవడోగానీ వీడు శుద్ధ దద్దమ్మే. ఇందాకట్నుంచీ చూస్తున్నాను, ప్రతిసారీ అక్కడే చస్తున్నాడు. అక్కడ ఎడమకి రావాలి. ఒక్కసారి నా చేతికిస్తే దాటించేద్దును.”